మాడిన పాల వాసన

మా చిన్నప్పుడు... నెలకో ఆదివారం నాన్న నన్ను సైకిలెక్కించుకుని పాలకొల్లులో సూరిబాబు మంగలి షాపుకి తీసుకెళ్లేవారు. పదహారేళ్లొచ్చినా నాకు పెదవి మీద నూగైనా లేదు. ఉత్త పెదవి మీద కత్తి ఆడిస్తే మీసం మొలుస్తుందని నాన్న నమ్మకం. సూరిబాబు నురగ రాసి, లేని మీసాన్ని శ్రద్ధగా గీసేవాడు...

ఇంట్లో ఇంకో గొడవ. కుంపటి మీద పాలు పెట్టి, చూస్తుండమని అమ్మ నన్ను కూర్చోబెట్టేది. నేను పుస్తకంలో పడేవాణ్ణి. పాలు మాడి వాసన వీధిలోకి వెళ్లినా కదిలేవాణ్ణి కాదు. వీపు మీద ఒకటి పడేది.

గొంతూ మారలేదు. ఇంటర్లో తోటివాళ్లు "ఏమ్మా, బాగున్నావా" అని పలకరించేవారు. కాలేజీ మానేస్తానని మొండికేశాను. అప్పుడు కాకినాడ తీసుకెళ్లారు. అక్కడి డాక్టర్ గారు మీసం సంగతి అడగలేదు.

"వాసనలు తెలుస్తాయా బాబూ నీకు?"

తల అడ్డంగా ఊపాను. మల్లెపూల వాసన బాగుందని అందరూ అంటే నేనూ అనేవాణ్ణి, అంతే.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీడికి వాసన రాదండీ... నేను కొట్టేదాన్నండీ" అంది.

పుట్టుకతో వచ్చిన జన్యులోపమట. వాసన తెలియకపోవడానికీ, ఎదుగుదల ఆగడానికీ మూలం అదేనట. వాసన ఇక రాదు గానీ, ఎదుగుదలకి మందుందన్నారు. నెలకో హార్మోను ఇంజెక్షను. మా ఊరి కాంపౌండరు గారు వేసేవారు. రెండ్రోజులు కుంటేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. సూరిబాబు కత్తి తుడుస్తూ నాన్నతో, "ఇవాళ కత్తికి పని దొరికిందండి" అన్నాడు. నాన్న బయటికెళ్లి సైకిలు తుడుస్తూ చాలాసేపు నిలబడ్డారు.

పెళ్లిచూపుల్లో అమ్మాయికి అంతా చెప్పాను. మాడిన పాల సంగతీ, ఇంజెక్షన్లు జీవితాంతం తప్పవని కూడా. విని ఆమె అంది:

"పాలు నేను చూసుకుంటానండి. మీరు చదువుకోండి."

ఇరవై రెండేళ్లు మా ఇంట్లో పాలు మాడలేదు.

ఆమె పోయి పది నెలలు. ఇప్పుడు పాలు కాగేదాకా స్టవ్ దగ్గరే నిలబడుతున్నాను... పుస్తకం లేకుండా.

లేని మీసం గీయించే నాన్నలు ఇప్పుడు లేరు. ఫోనులో వెతికితే అన్నీ తెలుస్తున్నాయి. అయినా మీ ఇంట్లో ఈడొచ్చినా ఎదగని కుర్రాడుంటే, డాక్టరుకి చూపించండి. వాసన తెలుస్తుందా అని వాణ్ణి ఒక్కసారి అడగండి.

మీ ఇంట్లో పాలు మాడితే ముందుగా ఎవరు పరిగెత్తేవారు? చెప్పండి... చదువుతాను.