కెరమెరి ఘాట్‌లో ఏడ్చిన హీటరు

ఇంకా సరిగ్గా తెల్లవారకముందే, ఘాట్ రోడ్డు మీద, కదులుతున్న జీపులోంచి ఒక సర్కారు అధికారిని దూకించిన ఘనత జిల్లా మొత్తంలో నా ఒక్కడిదే. నేను తుపాకీ పేల్చలేదు, పామును వదల్లేదు. హీటరు బాగుచేశాను, అంతే.

అప్పటికి డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు. ఆసిఫాబాద్‌లో సర్కారు బండ్ల షెడ్డులో టెంపరరీ నౌకరీ. పర్మనెంటు కాగితం మీద పెద్దసారు సంతకం పడితే నేను మెకానిక్కును. పడకపోతే కరీంనగర్ వెళ్లి బాపు పక్కన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి.

పెద్దసారుకు ఉబ్బసం. చలికాలంలో ఉట్నూర్ క్యాంపు అంటే ముందురోజే ఆయన ఛాతీ పిల్లికూతలు మొదలుపెట్టేది. అందుకే జీపులో హీటరు పెట్టించుకున్నారు. ఆ ఏడు చలి దిగేసరికి అది చల్లగాలి ఊదడం మొదలుపెట్టింది.

"ఎల్లుండి క్యాంపు. హీటర్ నడిస్తె వాపసొచ్చి సంతకం పెడ్త," అన్నారు.

నేను జాబితా రాశాను. దళసరి కాగితం, పద్నాలుగు అంశాలు, ప్రతిదాని పక్కన టిక్కుకు ఒక గడి. ఒకటి, రేడియేటరులో నీళ్లు. రెండు, బ్యాటరీ. మూడు, ఫ్యాను తీగలు. అలా రెండు రోజులు ఆ జీపు పొట్ట కోసి పేగులన్నీ నేల మీద పరిచాను. డ్రైవరు పోశం బండి నడపబట్టి ఇరవై ఏళ్లు. బీడీ కాలుస్తూ ఆపరేషను చూసే చుట్టంలా కూర్చున్నాడు. పదమూడో అంశం దగ్గర, ఇంజను నుంచి హీటరుకు వేడినీళ్లు పోయే గొట్టానికున్న నల్లా మూసి ఉండడం కనిపెట్టాను.

"గది ఎండకాలంల నేనే బంద్ వెట్టిన సార్," అన్నాడు పోశం.

"మరి చెప్పలేదేంది?"

"మీరు అడుగలే. కాగితం దిక్కే చూసుకుంట ఉంటిరి."

ఆ మాట విననట్టు నటించి పద్నాలుగో అంశానికి వచ్చాను: 'లోపల ఏమీ మిగలలేదని చూసి మూత బిగించాలి.' టిక్కు పెట్టి, మరలు నాలుగూ బిగించాను. సాయంత్రం పెద్దసారుకు చూపిద్దామంటే జాబితా కనిపించలేదు. పోశం బీడీ ముట్టించుకోవడానికి కాల్చేశాడని తీర్పు చెప్పేశాను.

క్యాంపు రోజు చీకటితోనే బయల్దేరాం, హీటరుకు తోడుగా నన్నూ ఎక్కించుకున్నారు. దారంతా మంచు. హీటరు కమ్మగా ఊదుతోంది, పెద్దసారు ఛాతీ నోరు మూసుకుంది. ఘాట్ మొదట్లో కుంకుమ పూసిన రాయి ఒకటుంది. డ్రైవర్లు ఆగి, దాని ముందు బీడీ పెట్టి గానీ ఎక్కరు. పోశం ఆపబోతే నేను వద్దన్నాను. నా జాబితాలో రాళ్లు లేవు.

పైకెక్కేకొద్దీ చలి పెరిగింది. "జర ఎక్కువ పెట్టు," అన్నారు పెద్దసారు. ఫ్యాను పూర్తిగా తిప్పాను.

అప్పుడు వినబడింది. సన్నగా, ముక్కుతో, బిడ్డను పోగొట్టుకున్న ఆడమనిషి ఏడ్చినట్టు. అడవిలోంచి కాదు. మా కాళ్ల దగ్గర్నుంచి, వేడిగాలితో పాటు. కాసేపు సాగి, ఆగింది. అద్దం అవతల తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

"మూడుసార్లు పిలిచేదాక పలుకొద్దు," అని గొణిగాడు పోశం.

నేను చదువుకున్నవాణ్ని. గొంతు సవరించుకుని, "ఎవరు?" అన్నాను.

మరుక్షణమే జవాబొచ్చింది, ఇంకా పై స్థాయిలో.

పెద్దసారు దూకేశారు. బండి మనిషి నడకంత మెల్లగా ఎక్కుతోంది కాబట్టి పొదల్లో పడి బతికారు. మంచు ఆయన్ను మింగేసింది. జీపులో ఏడుపు, బయట పిల్లికూతలు. రెండిట్లో ఏది పెద్దసారో తెలియక నేను రెండిటికీ దండం పెట్టాను.

పోశం బండి నిలిపి, చెయ్యి చాచి ఫ్యాను ఆపాడు. ఏడుపు ఆగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఏడ్చింది.

"సార్, గా పెట్టె ఇప్పుర్రి," అన్నాడు.

మరలు విప్పాను. ఫ్యాను ముందు ఇరుక్కుని, అంచు చిరిగి, ఇంకా సన్నగా వణుకుతూ నా జాబితా. మూత బిగించేటప్పుడు రెండు చేతులూ కావాలని దాన్ని ఎక్కడ పెట్టానో అప్పుడు గుర్తొచ్చింది.

ముళ్లతో, ఆకులతో మంచులోంచి వచ్చిన పెద్దసారు దాన్ని లాక్కుని, టార్చి వేసి, పద్నాలుగో అంశాన్ని టిక్కుతో సహా బయటికి చదివారు. పెన్సిలు అడిగారు. కింద పదిహేనోది రాశారు: 'ముందుగాల పోశాన్ని అడగాలె.' దాని కింద సంతకం పెట్టారు.

"సంతకం కావాలంటివి గద," అని నా చేతిలో పెట్టారు. రెండో సంతకానికి ఇంకో చలికాలం పట్టింది.

ఏడ్చింది కాగితమేనని నాకు తెలుసు. "ఎవరు?" అన్నప్పుడు అంత సరిగ్గా పలికినదాన్ని మాత్రం ఏ జాబితాలోనూ ఎక్కించలేదు. అందుకే ఆ రాయి సాక్షిగా ప్రమాణం చేశాను: పోశాన్ని అడగకుండా మర విప్పను, చూడకుండా టిక్కు పెట్టను, ఆ ఘాట్‌లో ఎవరు ఎన్నిసార్లు పిలిచినా పలకను. నేను బీడీ తాగను. అయినా అక్కడ పెట్టడానికి జేబులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.