గుండె డాక్టర్ గదిలో ఇంకో కుర్చీ

మా మేడమ్ పోయారు. సోమవారం పొద్దున ఆస్పత్రి పార్కింగ్ లాట్‌లో కారు ఆపుతుంటే వాళ్ళాయన ఫోన్ చేశారు. ఆయన్ని నేను అంకుల్ అంటాను. హలో అనగానే ఆయన నోట వచ్చిన మొదటి మాట, "ఆయాసపడలేదమ్మా." ఆ తర్వాతే "మీ మేడమ్ వెళ్ళిపోయింది" అన్నారు. బయటివాళ్ళు వింటే ఇదేం వరస అనుకుంటారు. ఆ ఇంట్లో మాత్రం ముందు చెప్పాల్సిన మాట అదే. ఏ గుండె రోగీ ఊపిరి కోసం కొట్టుకుంటూ పోకూడదని జీవితమంతా పట్టుబట్టిన డాక్టర్ ఆవిడ. చివరికి తాను కూడా అలా పోలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడుస్తూనే "గెలిచాం మేడమ్" అని పైకే అన్నాను. ఇప్పుడు ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే దిగులు కంటే హుషారే ముందొస్తోంది. తప్పు నాది కాదు. ఆవిడ ఉన్న గదిలో నీరసంగా కూర్చున్నవాళ్ళని నేను చూడలేదు.

చికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్ ఊరి తెలుగువాళ్ళందరికీ ఆవిడ గుండె డాక్టర్. డెబ్బైల్లో గుంటూరు నుంచి వచ్చి, చికాగో చలికి బెదరకుండా స్థిరపడ్డ తరం. తెల్ల కోటు, నుదుట బొట్టు, కాళ్ళకి పరుగుపందెం బూట్లు. రోగి గదిలోకి రాగానే సాక్సులు తీయించి, తానే వంగి చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసేవారు. నీరు చేరి గుంట పడితే ఉప్పు ఎక్కువ తిన్నట్టు లెక్క, ఇక ఆ తెలుగు రోగి పని అయిపోయినట్టే. "ఆవకాయ ఎవరు పంపించారు?" అన్నదే మొదటి ప్రశ్న. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలకు ఆవిడ కారు డ్రైవ్‌వేలోకి రావడం చూసి ఆడవాళ్ళు పచ్చడి గిన్నెలు లాండ్రీ రూమ్‌లో దాచేవారు. ఆవిడ లోపలికొస్తూనే లాండ్రీ రూమ్ ఎటు అని అడిగేవారు.

నేను ఆవిడకు దొరికింది 2009లో, ఆస్పత్రి కెఫెటేరియాలో. పాలియేటివ్ కేర్‌లో శిక్షణ ముగించి కొత్తగా చేరాను. నొప్పి, ఆయాసం, నిద్రలేమి లాంటి బాధలు తగ్గించడం, రోగికి ఏం కావాలో అడిగి తెలుసుకోవడం, ఇంట్లోవాళ్ళకు ఆసరాగా ఉండడం మా పని. చికిత్స ఆపేసిన తర్వాతే చేయాలని లేదు, చికిత్స జరుగుతుండగానే చేయవచ్చు. చేయాలి కూడా. కానీ అప్పట్లో నన్ను పిలిచేది క్యాన్సర్ డాక్టర్లే. గుండె విభాగం వాళ్ళు నన్ను లిఫ్ట్‌లో చూస్తే పక్కకు జరిగేవారు, నేను యముడికి చుట్టాన్నైనట్టు. అలాంటిది, ఒక స్టీల్ టిఫిన్ డబ్బా నా ట్రే పక్కన ఠంగున పడింది.

"ఆ పాలియేటివ్ అమ్మాయివి నువ్వేనా? బుధవారం పొద్దున ఖాళీయేనా?"

ఖాళీనే మేడమ్ అన్నాను. పెరుగన్నం తింటూ ఆవిడ మాట్లాడడం మొదలుపెట్టారు. నా కాఫీ చల్లారిపోయింది, ఆవిడ చెప్పడం ఆగలేదు. అప్పుడే యూరప్ నుంచి వచ్చారట. గుండె డాక్టర్ల సభ కోసం వెళ్ళి, అటునుంచి అటు సెలవు పెట్టి, దేశం తర్వాత దేశం తిరిగి ఆస్పత్రులు చూశారట. అంకుల్ ఆ ప్రయాణం గురించి ఇప్పటికీ చెబుతారు. మంచు కొండలు చూపిస్తానని తీసుకెళ్ళి కారిడార్లు చూపించిందని, ఏ దేశం కారిడార్ ఏ రంగులో ఉంటుందో తనకంటే తెలిసినవాడు లేడని.

మేడమ్ చూసొచ్చినవి వింటుంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. స్వీడన్‌లో ఒక ఊళ్ళో గుండె నర్సూ, పాలియేటివ్ నర్సూ ఒకే కారెక్కి రోగి ఇంటికి వెళ్తున్నారట. ఇంగ్లండ్‌లో ఒకచోట, చివరి దశ రోగులను చూసుకునే హాస్పిస్‌కి గుండె రోగులు మధ్యాహ్నం వచ్చి, టీ తాగి, ఊపిరి తీసుకునే కసరత్తులు నేర్చుకుని, సాయంత్రం నవ్వుతూ ఇంటికి వెళ్తున్నారట. స్పెయిన్‌లో రోగితో పాటు ఇంటిల్లిపాదీ వస్తే డాక్టర్ విసుక్కోకుండా ఇంకో నాలుగు కుర్చీలు తెప్పించాడట. మరోచోట అద్భుతమైన ఆపరేషన్లు చేస్తున్నారు గానీ, రాత్రి నిద్ర పడుతోందా అని రోగిని అడిగే నాథుడు లేడట.

"ఒక్కో దేశం ఒక్కో ముక్క పట్టుకుందమ్మా. మొత్తం ఎవరి దగ్గరా లేదు. ఆ ముక్కలన్నీ తెచ్చి మనం షామ్‌బర్గ్‌లో కుట్టేద్దాం."

ఇక్కడ పద్ధతి వేరని నేను గుర్తుచేశాను. ఇక్కడ హాస్పిస్‌లో చేరాలంటే మామూలు చికిత్స చాలావరకు వదులుకోవాలి. అదో ఇదో తేల్చుకోమంటారు. మేడమ్ డబ్బా మూత గట్టిగా నొక్కారు. అందుకే హాస్పిస్ దాకా ఆగకూడదని, మొదటి రోజు నుంచే ఇద్దరం కలిసి చూడాలని అన్నారు. ఆ తొందర ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత ఒకరోజు కారులో వెళ్తుండగా చెప్పారు. ఆవిడ దగ్గర చాలా ఏళ్ళు చూపించుకున్న ఒక స్కూలు టీచర్ ఉండేవాడట. ఉన్న మందులన్నీ ఇచ్చారు, పరికరాలన్నీ పెట్టారు. చివరికి ఆయన నిటారుగా కూర్చుని, ఊపిరందక, ఇలా ఉంటుందని ముందే ఎందుకు చెప్పలేదని కళ్ళతోనే అడుగుతూ పోయాడు.

"గుండెని నేను చూసుకున్నాను. ఆయన్ని ఎవరూ చూసుకోలేదు" అన్నారు మేడమ్. సిగ్నల్ పచ్చగా మారినా కారు కదల్లేదు. వెనక హారన్లు మోగాయి.

ఆస్పత్రి పెద్దలు మా ఇద్దరి క్లినిక్‌కి బుధవారం పొద్దుటిపూట ఇచ్చారు, ఆర్నెల్లు చూస్తామని. రోగులు రాకపోతే మూసేస్తామని మర్యాదగానే చెప్పారు. నాకు కారిడార్ చివర ఒక గది, దానికో బోర్డు. రోగులు గుండె క్లినిక్‌లో మేడమ్‌కి చూపించుకుని, అక్కడి నుంచి నా దగ్గరికి రావాలి. ఎవరూ రాలేదు. తలుపు దాకా వచ్చి, బోర్డు చదివి, బాత్రూమ్ కోసం వచ్చినట్టు నటించి వెనక్కి తిరిగేవారు. కొన్ని బుధవారాలు అలాగే గడిచాక మేడమ్ వచ్చారు, వెయిటింగ్ రూమ్‌లోంచి ఒక కుర్చీ స్వయంగా ఈడ్చుకుంటూ. ఆ కుర్చీని తన పరీక్ష గదిలో, తన కుర్చీ పక్కనే వేశారు. బోర్డు వద్దు, నువ్వు చాలు, ఇక్కడ కూర్చో అన్నారు. అలా నేను గుండె డాక్టర్ గదిలోకి వచ్చాను.

అయినా గడువు దగ్గర పడుతోంది, జనం పల్చగానే ఉన్నారు. అప్పుడు వచ్చారు ఆ పెద్దాయన. రిటైరైన ఇంజినీరు, షామ్‌బర్గ్‌లోనే కూతురి దగ్గర ఉంటారు. గుండె బలహీనపడి నీరు చేరే జబ్బు. మేడమ్ కూతురికి ఫోన్ చేసి, బుధవారం నాన్నగారిని తీసుకురా, నాతో పాటు ఇంకో డాక్టర్ కూడా చూస్తుంది, తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నారు. ఆ తీరిగ్గా అన్న మాటే కొంప ముంచింది. డాక్టర్ తీరిగ్గా మాట్లాడతానంటే మనవాళ్ళు ఏమనుకుంటారో మీకు తెలుసు. ఆ అమ్మాయి నా పేరు ఇంటర్నెట్‌లో వెతికింది, నేనేం డాక్టర్నో చదివింది, టెక్సస్‌లో, ప్లేనోలో ఉన్న అన్నయ్యకు ఏడుస్తూ ఫోన్ చేసింది. అన్నయ్య జార్జియాలో, అల్ఫారెట్టాలో ఉన్న అక్కకు చేశాడు. బుధవారం పొద్దున నేను వెళ్ళేసరికి వెయిటింగ్ రూమ్ నిండా తెలుగే. కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు, రెండు రకాల పులిహోర, మూత బిగించిన గంగాజలం చెంబు. రిసెప్షనిస్టు నన్ను పక్కకు పిలిచి ఏదైనా పండగా అని అడిగింది. మధ్యలో పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరూ ఎందుకొచ్చారో అర్థంకాక, వచ్చినందుకు మాత్రం పొంగిపోతూ కూర్చున్నారు.

నేను హడలిపోయాను. మేడమ్ మొహం మాత్రం వెలిగిపోయింది. "స్పెయిన్ దానంతటదే వచ్చేసింది చూడు" అని నా చెవిలో అని, అందరినీ పెద్ద మీటింగ్ రూమ్‌లోకి తోలారు. తలుపు దగ్గరే పెద్దకొడుకు మేడమ్‌ని ఆపి, హౌ లాంగ్ అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ లెక్క కోసం పిలవలేదు నాయనా. లోపలికెళ్ళి నాన్నగారికి ఏం కావాలో అడుగు."

అతను అడిగాడు. పెద్దాయన పిల్లలందరినీ ఒకసారి చూశారు. చెప్పనా వద్దా అన్నట్టు మేడమ్ వైపు చూశారు. ఆవిడ తలూపారు.

"పడుకోవాలనుందిరా. పడుకుంటే ఊపిరి ఆడట్లేదు. ఎప్పట్నుంచో రాత్రంతా రిక్లైనర్ కుర్చీలోనే కూర్చుంటున్నా. మీరు వర్రీ అవుతారని టీవీ చూస్తున్నట్టు యాక్టింగ్ చేశాను."

నాన్నకు టీవీ పిచ్చి పట్టిందని ఆ ఇంట్లో అందరూ అనుకుంటున్నారట. కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. మేడమ్ నీరు తగ్గే మందులు మార్చారు. ఆయాసం తగ్గడానికి నేను మార్ఫిన్ చాలా చిన్న మోతాదులో ఇస్తానన్నాను. మార్ఫిన్ అనగానే గదిలో సగం మంది లేచి నిలబడ్డారు. అది ప్రాణం తీయడానికి కాదని, ఊపిరి అందడం లేదన్న కంగారు తగ్గిస్తుందని, గుండె మందులు ఒక్కటి కూడా ఆపబోమని ఓపిగ్గా చెప్పాను. ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టమన్నాను. పులిహోర అక్కడే తిన్నాం. ఉప్పు తగ్గించమని మేడమ్ కోడళ్ళకు క్లాస్ పీకి, తాను రెండోసారి పెట్టించుకున్నారు.

కొన్నాళ్ళకు కూతురు ఫోన్ చేసింది. నాన్న మంచం మీద పడుకుని గురక పెడుతున్నారని, ఆ గురక వినిపించడానికి ఫోన్ తలుపు దగ్గర పెట్టింది. మేడమ్ స్పీకర్ ఆన్ చేసి క్లినిక్ అందరికీ వినిపించారు. ఆ కబురు గుడిలో, కిరాణా కొట్లో, తెలుగు బడి పార్కింగ్‌లో పాకిపోయింది. ఆ ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్తే చచ్చిపోరు, పడుకుని నిద్రపోతారట అని. అంతకన్నా మంచి ప్రకటన ఏ ఆస్పత్రీ రాయించుకోలేదు. తర్వాత తెల్లవాళ్ళు వచ్చారు, పోలండ్ ముసలమ్మలు వచ్చారు. బుధవారం చాలక శుక్రవారం కూడా ఇచ్చారు. మూసేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన ఆ తర్వాత కొన్నేళ్ళు ఉండి, తన మంచం మీదే, పిల్లల మధ్య పోయారు.

కొత్త డాక్టర్లకు మేడమ్ ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. పాదాలు చూశాక తలెత్తి మొహం కూడా చూడు, ఊరికే వంగే ఉండకు అని. నాలుగేళ్ళ క్రితం ఒక బుధవారం ఆవిడ కోటు లేకుండా వచ్చి రోగి కుర్చీలో కూర్చున్నారు. సాక్సులు తానే తీశారు. చీలమండ మీద నేను నొక్కితే గుంట పడింది. నేను తలెత్తి మొహం చూశాను.

ఆవిడ గుండె కండరమే బలహీనపడింది. ఆవిడ స్థానంలోకి వచ్చిన గుండె డాక్టరూ నేనూ పక్కపక్కనే కూర్చుని ఆవిడను చూసుకున్నాం. మందులు, పరికరం, అన్నీ సక్రమంగా జరిగాయి. పోయిన చలికాలానికి ఆయాసం బాగా పెరిగింది. అందరినీ అడిగే ప్రశ్నే ఆవిడనూ అడిగాను.

"మీకేం కావాలి మేడమ్?"

"నా ప్రశ్న... నన్నే అడుగుతావా" అన్నారు. ఊపిరి కోసం ఆగారు. "మాట మధ్యలో... తెగిపోతోంది. ఎవర్నైనా ఒక్క వాక్యం... పూర్తిగా తిట్టాలనుందమ్మా."

అంకుల్ నవ్వారు. గుక్కతిప్పుకోకుండా మాట్లాడే మనిషికి అంతకంటే పెద్ద కోరిక ఏముంటుంది? దాని కోసమే పనిచేశాం. మోతాదులు సరిచేశాం, గుండె నర్సూ మా పాలియేటివ్ నర్సూ ఒకే కారులో ఇంటికి వెళ్ళారు. ఏ పనికి ఎంత ఊపిరి ఖర్చుపెట్టాలో నేర్పించారు. మేడమ్ ఆ పాఠాలు బుద్ధిగా నేర్చుకున్నారు, మధ్య మధ్య వాళ్ళ తప్పులు దిద్దుతూ.

మే నెలలో ఒక శనివారం మనవరాలి సాకర్ మ్యాచ్‌కి వెళ్తానన్నారు. చక్రాల కుర్చీలో, ఒళ్ళో శాలువా, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. వెనక అంకుల్, ఇద్దరు నర్సులు, నేను. మైదానం అంచున గాలి ముఖానికి తగిలేలా కూర్చోబెట్టాం. ఆట చివర్లో మనవరాలు గోల్ కొట్టింది. రిఫరీ ఈల వేసి అది చెల్లదన్నాడు. మేడమ్ కుర్చీ చేతుల మీద బలం మోపి ముందుకు వంగారు.

"ఏమయ్యా, కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నావా, పిల్ల అంత దూరం నుంచి బంతి తీసుకుని పరిగెత్తుకొచ్చి గోల్ కొడితే చెల్లదనడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా?"

ఎక్కడా తెగలేదు. మైదానం మొత్తం విన్నది. అంకుల్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఒక్క ముక్క అర్థంకాని ఆ తెల్ల రిఫరీ తనకేదో అపాయం ఉందని మాత్రం గ్రహించి, టోపీ తీసి చేతిలో పట్టుకుని మావైపు చూస్తూ నిలబడ్డాడు. మేడమ్ నింపాదిగా ఊపిరి పీల్చుకుని, రెండో వాక్యం మొదలుపెట్టారు.