ఆనర్స్ బోర్డు మీద మిసెస్

క్లబ్బు నుంచి నాకు రావలసిన పిలుపు నా మాజీ భర్త రెండో భార్యకు వెళ్ళింది. ఆమె నాకు ఫోన్ చేసే సమయానికి నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసు పై అంతస్తులో కూర్చుని, ముంబై నుంచి వచ్చిన హీరోయిన్ చేత "కళ్ళు" అనిపించడానికి తంటాలు పడుతున్నాను. నా జీవనోపాధి అదే. తెలుగు రాని అమ్మాయిలకు డైలాగులు నేర్పుతాను. ఎలాగూ తర్వాత వేరే గొంతు పెడతాం, పెదవులు కుదిరితే చాలు మేడమ్ అని దర్శకులు నసుగుతుంటారు. కుదిరితే చాలనుకునేవాళ్ళు నన్నెందుకు పిలిచారని అడుగుతాను. అందుకే నన్ను రెండోసారి పిలిచేవాళ్ళు తక్కువ.

"అక్కా, నేనండీ" అంది ఫోన్లో. గోదావరి జిల్లా గొంతు. గుర్తుపట్టాను.

"నువ్వు నన్ను అక్కా అంటే మనిద్దరం ఒకే మొగుణ్ణి పంచుకుంటున్నట్టుంటుందమ్మా. నా వాటా నేనెప్పుడో వదిలేశాను."

"మరి ఏమని పిలవమంటారు?" అంది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

విషయం చెప్పమన్నాను.

క్లబ్బు అంటే గోల్ఫ్ క్లబ్బు. పేరెందుకులెండి. భవనాన్ని బాగుచేస్తున్నారట. లాంజ్ గోడ మీద ఆనర్స్ బోర్డులున్నాయి, ఏటేటా పోటీ గెలిచినవాళ్ళ పేర్లు బంగారు రంగుతో రాసిన టేకు పలకలు. వాటిని ఉంచాలా, తీసేసి పెద్ద తెర పెట్టాలా అని ఆదివారం ఉదయం సభ్యుల సమావేశం. పాత విజేతలు వచ్చి రెండు మాటలు చెబితే బాగుంటుందని ఆఫీసువాళ్ళు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నారు. మహిళల పలక మీద ఒక సంవత్సరానికి ఎదురుగా నేనున్నాను. ఉన్నానంటే, మిసెస్ అని రాసి, పక్కన ఆయన ఇంటిపేరు, ఆయన పేరు. క్లబ్బు పుట్టినప్పటి నుంచీ ఆడవాళ్ళ పేర్లు రాసే పద్ధతి అది. ఆ మిసెస్ ఇప్పుడు ఈ అమ్మాయి. వాళ్ళు ఉన్న మిసెస్‌కే ఫోన్ చేశారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకే సందు దొరకలేదు.

"అసలు ఎప్పటి నుంచో ఇదే గొడవండీ" అంది ఆ అమ్మాయి. "కొత్తగా వచ్చినవాళ్ళు బోర్డు చదివి, మీరు ఛాంపియనా అని చేతులు పట్టుకుంటారు. మొదట్లో నేను కాదనేదాన్ని. కాదంటే, మరెవరని అడుగుతారు. అది చెప్పాలంటే మీ కథంతా చెప్పాలి. చేతిలో ప్లేటు పట్టుకుని ఎంతమందికని చెప్పను? ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను. నాకు ఆ కర్ర ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలీదు. మీరు రండి. ఆయన ఆ రోజు ఊళ్ళో ఉండరు."

రాను అని చెప్పి పెట్టేశాను. హీరోయిన్ నా మొహం చూసి, ఎవరూ అడక్కుండానే "కళ్ళు" అని సరిగ్గా పలికింది.

ఆ సాయంత్రం మోతీనగర్‌లో నా ఫ్లాటుకు వచ్చి మంచం కింది నుంచి గోల్ఫ్ కర్రల బ్యాగు లాగాను. విడాకులయ్యాక మళ్ళీ దాన్ని తెరవలేదు. క్లబ్బులో సభ్యుడు ఆయన. నేను ఆయన మీద ఆధారపడిన మనిషిని, వాళ్ళ నియమాల్లో మాట అదే. ఆధారం పోయింది కాబట్టి నేనూ పోయాను. సొంతంగా చేరాలంటే నా సంపాదనకు అందే మాట కాదు. ఆడాలని ఉంటే ఎవరో ఒకరు అతిథిగా తీసుకెళ్ళాలి. నన్నెవరు తీసుకెళ్తారు? గోల్ఫ్ నలుగురు కలిసి నాలుగు గంటలు నడిచే ఆట. ఆ నాలుగు గంటలూ నా నోరు భరించగల ముగ్గురిని నేను సంపాదించుకోలేకపోయాను. ఉన్న స్నేహాలన్నీ దంపతులతో చేసినవి. ఆస్తుల్లాగే అవీ ఆయన వైపే వెళ్ళాయి.

ఆయన ఆడేది వ్యాపారం మాట్లాడుకోవడానికి. నాలుగు సినిమాలు పంపిణీ చేసి మూడింటిలో చేతులు కాల్చుకున్న మనిషికి నడుస్తూ మాట్లాడుకునే చోటు కావాలి. తోడు వెళ్ళినదాన్ని నేను ఊరికే కూర్చోలేక కర్ర పట్టుకున్నాను, తర్వాత వదల్లేకపోయాను. గెలిచిన రోజు ఆఖరి గుంట దగ్గర తీతువు పిట్ట ఒకటే అరుపు. గడ్డిలో గుడ్లు పెట్టుకున్నట్టుంది. తీతువు అరిస్తే కీడని మా అమ్మ అనేది. అది అరుస్తుండగానే బంతిని కొట్టాను. బంతి వంపు తిరిగి, అంచు దగ్గర ఆగినట్టే ఆగి, లోపల పడింది. అప్పుడు ఆ గుంట చుట్టూ ఉన్న పచ్చిక మీద నేను, నాతో ఆడిన ఆవిడ, మా బ్యాగులు మోసేవాళ్ళు ఇద్దరు, ఆ పిట్ట. ఆయన పేకాట గదిలో ఉన్నాడు. తర్వాత పెయింటర్ వచ్చి పేరెలా రాయాలని అడిగితే, పైన ఉన్నవాళ్ళందరికీ రాసినట్టే అని ఆయన చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ అక్షరాలు నాకు అప్పుడు బాగానే ఉన్నాయి. ఆ పేరు నాదేననుకున్నాను.

ఆ పలకలను నేను చాలా ఏళ్ళు వెక్కిరించాను. గుడికి ట్యూబులైటు ఇచ్చినవాడు దాని మీద తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాయించి, వెలుతురంతా ఆ అక్షరాలతో మూసేస్తాడు చూడండి, అలాంటివే ఇవీ అనేదాన్ని. గెలిచినవాడికి గెలిచానని తెలుసు, ఓడినవాడికి ఓడానని తెలుసు, మధ్యలో గోడకెందుకు అనేదాన్ని. పేరు కోసం పడి చచ్చేవాళ్ళను రోజూ చూసే వీధిలో పని నాది. టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర ఆగిపోయిన సినిమాలున్నాయి. నా పేరు వేసినవాళ్ళు తక్కువ, వెయ్యమని నేను అడిగిందీ లేదు. అలాంటిదాన్ని ఆ రాత్రి అన్నం తింటూ, ఆదివారం చెప్పవలసిన మాటలు కంచానికి చెప్పుకుంటున్నాను.

పొద్దున్నే ఫోన్ చేసి వస్తానన్నాను. ఆ అమ్మాయి నోట మళ్ళీ అక్కా అని రాబోయి ఆగింది.

గేటు దగ్గర పాత సెక్యూరిటీ మనిషి నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, మీరా. గిన్నేండ్లకు వచ్చిండ్రు. కారేది?"

"ఆటోలో వచ్చాను. కారు ఆయన దగ్గరే ఉండిపోయింది."

"గదైతే రోజూ జూస్తనే ఉన్న" అని నవ్వబోయి మానేసి, అతిథుల పుస్తకం నా ముందుకు జరిపాడు. ఎవరి అతిథి అన్న చోట ఆ అమ్మాయి ముందే వచ్చి రాయించి పోయింది. మిసెస్, ఆయన ఇంటిపేరు, ఆయన పేరు. బోర్డు మీద ఉన్న నా పేరుకు నేనే అతిథినై సంతకం పెట్టి లోపలికి వెళ్ళాను.

సమావేశంలో కుర్రకారు ఒక వైపు, పెద్దలు ఒక వైపు. కుర్రవాళ్ళలో ఒకతను లేచి, ఈ బోర్డులు దుమ్ము తప్ప ఏమీ చెప్పవని, తెర మీదైతే ఫోటోలు, స్కోర్లు, వీడియోలు అన్నీ తిప్పవచ్చని చెప్పాడు. తెల్లవాడి కాలపు అలవాటు అని కూడా అన్నాడు. గోల్ఫ్ మాత్రం మన వేదాల్లో ఉందా అని ఒక పెద్దాయన గొణిగాడు. ఆ పెద్దాయన వంతు వచ్చాక సంప్రదాయం అనే మాటను పట్టుకుని చాలాసేపు ఊగాడు. ఆయన పేరు పురుషుల పలక మీద రెండుచోట్ల ఉందని అందరికీ తెలుసు.

మహిళా విజేతల్లో ఎవరైనా, అని అధ్యక్షుడు ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె లేచి, "నేను కాదండీ, ఈవిడ" అని కూర్చుంది. గదిలో తలలు ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు తిరిగాయి. చాలామందికి నేను తెలుసు. తెలియనట్టు చూడటం కూడా తెలుసు.

బోర్డులు ఉంచండి అన్నాను. సినిమా చివర పేర్లు పైకి పోతుంటే జనం లేచి కారు తాళాలు వెతుక్కుంటుంటారు, తెర మీద పేరు గతి అంతేనన్నాను. పలక అలా కాదు, ఎవరూ చూడకపోయినా గోడకు ఉంటుంది. ఉన్నదానితోనే పోట్లాడగలం, పారిపోయే పేరుతో ఎవరు పోట్లాడతారన్నాను. ఇక్కడిదాకా పెద్దలు తలలూపారు.

"ఉంచి, ఆడవాళ్ళ పలక మీద వరుసకొకటి చొప్పున, కింద సన్నగా, ఆడిన మనిషి పేరు రాయించండి" అన్నాను.

తలలు ఆగిపోయాయి.

అది తప్పు కాదు కదమ్మా, అప్పటి పద్ధతి, చరిత్రను దిద్దకూడదు అన్నాడు అధ్యక్షుడు, మర్యాదగానే. వరుసల మధ్య చోటు కూడా లేదన్నాడు.

"దిద్దమనలేదండీ. ఉన్నది ఉండనివ్వండి. ఆ రోజు బంతి కొట్టింది ఇంటిపేరు కాదు. ఆ ఇంటిపేరు గలాయన అప్పుడు లోపల పేకాడుతున్నాడు. ఆయనకు గెలుపు ఆటలోనూ రాలేదు, పేకలోనూ రాలేదు. కావాలంటే అడగండి."

నవ్వారు. నవ్వించి నా మాట నేనే పాడుచేసుకున్నానని కూర్చున్నాక తెలిసింది. నా నోటికి ఎప్పుడూ అదే జబ్బు. జనం నవ్వుకున్నాక విషయం గుర్తుండదు.

ఓటింగ్‌కు సభ్యులు కానివాళ్ళు బయటికి వెళ్ళాలన్నారు. లేచాను. నా వెనకే ఆ అమ్మాయి కూడా వచ్చింది. నువ్వెందుకన్నాను. భార్యలకు ఓటు లేదండీ అంది. మరిచిపోయాను.

వరండాలో రెండు పేము కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా పచ్చిక, దాని మధ్యలో ఎవరూ కదపలేని బండరాళ్ళు. నేను ఓడించినవాళ్ళు, నాతో ఆడినవాళ్ళు ఒకరిద్దరు ముందు నుంచి నడుచుకుంటూ పోయారు. చెయ్యి ఊపారు. ఎవరికి ఊపారో తెలియలేదు. ఇద్దరం ఊపాం.

ఆయన ఇంట్లో మాట్లాడతాడా అని అడిగాను. మాట్లాడతారండీ, ఫోన్లో, అంది. ఇంకేం అడగలేదు. నాకు తెలిసిన ఇల్లే.

కాసేపటికి సెక్రటరీ వచ్చాడు. బోర్డులు ఉంటాయట, లాంజ్‌లో కాదు, డ్రెస్సింగ్ గదులకు పోయే నడవాలో. లాంజ్‌లో తెర వస్తుంది. రెండు వర్గాలూ సంతోషించాయట. పేర్ల సంగతేమిటన్నాను. ఏకరూపంగా ఉండాలి కాబట్టి తెర మీద కూడా బోర్డు మీద ఉన్నట్టే వేస్తారట. అది చెప్పి, ఆ అమ్మాయి వైపు తిరిగి, విజేతల ఫోటోలు సేకరిస్తున్నాం, మీది ఒకటి మెయిల్ చెయ్యండి మేడమ్ అన్నాడు.

నేను ఆమె మొహం చూశాను. నవ్వి ఊరుకుంటుందనుకున్నాను. అలవాటేనని తనే చెప్పింది. పెట్టుకో తల్లీ అనబోయాను కూడా. ఎవరో ఒకరి మొహం, ఆ ఇంటి మిసెస్ మొహం.

ఆమె ఫోన్ తీసి నా వైపు పెట్టింది. "ఇటు చూడండి" అంది. గాలికి జుట్టు రేగి, మొహం చిటపటలాడుతూ ఉన్నానని నాకు తెలుసు. చూశాను.

"ఇదిగోండి, ఈ ఫోటో పెట్టండి. గెలిచింది ఈవిడే. పేరు మీ ఇష్టం, మొహం మాత్రం ఈవిడది పెట్టండి."

సెక్రటరీ కొత్తవాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ అక్కగారా మేడమ్?" అన్నాడు.

ఆ అమ్మాయి చెప్పడమా మానడమా అని నా మొహం చూస్తోంది. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. భోజనాలకు లేస్తున్నారు.

"ఔను" అన్నాను.

భోంచేసి వెళ్ళమని అడిగింది. పనుందన్నాను. ఆదివారం నాకేం పని? ఆటో మాట్లాడుకుని వచ్చేశాను. కృష్ణానగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అధ్యక్షుడికి చెప్పవలసిన అసలు జవాబు తోచింది, చాలా మంచి జవాబు. డ్రైవర్ మాత్రం ఉన్నాడు వినడానికి. అతనికి చెబితే, గట్లనా అన్నాడు.

తెర పెట్టాక ఆ అమ్మాయి వీడియో పంపింది. నా ఫ్లాటులో ఒక్కదాన్నే సోఫాలో కూర్చుని తెరిచాను. కళ్ళద్దాలు సర్దుకునేలోపు నేను వచ్చి వెళ్ళిపోయాను. మళ్ళీ పెట్టాను. రేగిన జుట్టుతో, ఎవరితోనో పోట్లాటకు సిద్ధంగా ఉన్న నా మొహం, కింద మిసెస్, ఆయన ఇంటిపేరు, ఆయన పేరు. వెంటనే తర్వాతి ఏడాది గెలిచిన ఆవిడ వచ్చేసింది. ఇంకోసారి చూడలేదు.

బోర్డు ఎక్కడ పెట్టారని రాశాను. ఫోటో పంపింది. నడవాలో తువ్వాళ్ళ అల్మారా పక్కన, సగం చీకటిలో ఉంది. నా వరుస వెతికి పెద్దది చేసి చూశాను. చుట్టూ వరుసలు మసకగా ఉన్నాయి, అదొక్కటి మెరుస్తోంది. కొత్తగా రంగు వేశారా అని అడిగాను.

"లేదక్కా. వెళ్ళినప్పుడల్లా నేనే తుడుస్తున్నాను" అని వచ్చింది.

అక్కా అన్న మాట గురించి ఘాటుగా ఏదో రాద్దామని మొదలుపెట్టాను. చెరిపేశాను. ఇంకోటి మొదలుపెట్టాను, అదీ కుదరలేదు. చివరికి, తడిగుడ్డ వాడకు, బంగారు రంగు పోతుంది, అని రాసి పంపాను.