బాక్సింగ్ పండితుడు, నట్లబోల్టుల కాంటా

ఒక ఆడపిల్ల రెండేళ్ల కష్టాన్ని నేను ఒక్క శుక్రవారం మధ్యాహ్నం, తిన్న చెయ్యి కూడా కడుక్కోకుండా ఎలా నాశనం చేశానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. నన్ను చూసి నవ్వండి, ఆ పిల్లను చూసి మాత్రం వద్దు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. తెనాలి వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో గది తీసుకున్నాను. నాచారంలో నట్లు, బోల్టులు చేసే ఒక చిన్న కంపెనీలో డిస్పాచ్ గుమాస్తాను. ఉద్యోగం బోల్టులు తూచడం, వ్యాపకం ప్రపంచంలోని బాక్సర్లను తూచడం. జన్మలో గ్లవ్స్ తొడిగింది లేదు. దోమను కొట్టబోయి నా చెంప నేనే వాయించుకున్న అనుభవం మాత్రం ఉంది. అయినా ఫోనులో పాత మ్యాచ్‌లు చూసి చూసి, ఏ బరువులో ఎవరు అందరికన్నా గొప్పో తేల్చే బాధ్యత దేవుడు నాకే అప్పగించాడని నమ్మాను.

అట్టపెట్టె ముక్క మీద గళ్లు గీసి, బరువు తరగతికొక పేరు రాసి కాంటా పక్కన గోడకు తగిలించాను. ఆ పేర్లు ఇక్కడ చెప్పను. చెబితే మీరూ వాదనకు దిగుతారు, కథ ఆగిపోతుంది.

రోజూ అన్నాల వేళ నాతో వాదించేది లోడింగ్ మేస్త్రి మల్లేశం. తాతల నాటి నుంచీ ఉప్పల్ వాళ్లే. ఆయన కూతురు శ్రావణి ఇంటర్ చదువుతూ బాక్సింగ్ నేర్చుకునేది, నలభై ఎనిమిది కిలోల తరగతిలో. నా పట్టికలో ఆ ఒక్క గడే ఖాళీ.

"చిన్న బరువుల్లో ఏముందన్నా, చెక్కభజన. పెద్ద బరువు వాడి గుద్దు ఒక్కటి పడితే కథ కంచికే" అనేవాణ్ని.

"గట్లనా తమ్మీ? జర మా పోరి ముంగట నిలబడు. ఎవరి కథ ఏడికి పోతదో సూద్దాం" అనేవాడు మల్లేశం.

"మరి ఆ గడిలో ఎవరి పేరు రాయమంటావు?"

"ఖాళీగనే ఉంచు. తొందరేమున్నది?"

ఆ ఆదివారం శ్రావణికి రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు. శుక్రవారం మధ్యాహ్నం ఫారం మీద తండ్రి సంతకం కోసం కంపెనీకి వచ్చింది. మేమేమో వాదన మధ్యలో ఉన్నాం.

"నాయినా, మెడికల్ షాపు మిషన్ మీద నలభై తొమ్మిది దాటి జూపిస్తున్నది. ఈ రెండు రోజులు ఉరికి, తిండి తగ్గిస్తే దిగుత" అంది.

పండితుడు ఊరుకుంటాడా?

"ఆ మిషన్‌నా నువ్వు నమ్మేది? ఇదిగో, మాది సర్కారు ముద్ర ఉన్న కాంటా. ఎక్కు."

ఎక్కింది. నలభై ఏడు కిలోల మూడు వందల గ్రాములు.

"చూశావా? ఏడు వందల గ్రాములు తక్కువే ఉన్నావు. హాయిగా తిను."

"మా కోచ్ సారు తినొద్దన్నడన్నా."

"ఖాళీ కడుపుతో గుద్దుకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పట్టికలో ఉన్నవాళ్లంతా పస్తులుండి గొప్పవాళ్లయ్యారా?"

మల్లేశం తల గోక్కున్నాడు. "మల్లొక్కసారి తూద్దామా తమ్మీ?"

"మూడేళ్లుగా తూస్తున్నాను. ఒక్క బోల్టు తేడా వచ్చిందా?"

రాలేదు. నిజంగానే ఎప్పుడూ రాలేదు.

ఆదివారం పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని స్టేడియానికి వెళ్లాను. ఫొటోల్లో గురువుగారు కనపడాలి కదా! శ్రావణి తల్లి యాదమ్మ నన్ను చూసి సంబరపడింది. "నువ్వు జెప్పినవని రెండు రోజులు మంచిగ తినవెట్టిన బిడ్డా. నిన్న మటన్ గూడ" అంది.

శ్రావణి అక్కడి కాంటా ఎక్కింది. నలభై తొమ్మిది కిలోల ఆరు వందలు.

"మీ కాంటా తప్పు!" అన్నాను. తూచలేనివాడికి కాంటా ఓడు మరి.

బరువు చూసే పెద్దాయన కోప్పడలేదు. పిల్లను దిగమని, ఖాళీ కాంటాను నాకు చూపించాడు. "సున్నా ఉంది కదా సార్? మేం ముందు సున్నా చూసుకుంటాం."

అప్పుడు గుర్తొచ్చింది మా కాంటా. మా బోల్టులన్నీ ప్లాస్టిక్ క్రేటులో పోసే తూస్తాం. ఆ క్రేటు బరువు దాదాపు రెండు కిలోలు. దాన్ని లెక్కలోంచి తీసేయడానికి కాంటాను ముందే సరిచేసి పెట్టాం. క్రేటు లేకపోతే అంకెల ముందు ఒక మైనస్ గుర్తు వస్తుంది. మూడేళ్లుగా రోజూ చూసి చూసి, ఆ గుర్తు కళ్ల ముందున్నా నాకు కనపడటం మానేసింది. క్రేటు లేకుండా నేను ఆ కాంటా మీద తూచింది శ్రావణి ఒక్కదాన్నే.

మెడికల్ షాపు మిషన్ నిజమే చెప్పింది. ఆ పిల్ల చేతిలో ఉన్న రెండు రోజులనూ నేను తినేశాను.

తండ్రి స్వెటర్ తొడుక్కుని గంటసేపు తాడాట ఆడింది. మూడు వందల గ్రాములు దిగింది. ఇంకా కిలోకు పైనే ఎక్కువ ఉంది. "జడ కత్తిరిస్తే?" అన్నాను కంగారులో.

"జడెందుకు? కొయ్యాల్నంటే నీ నాలుక కొయ్యాలె. గదే మస్తు బరువున్నది" అంది యాదమ్మ.

చివరికి పై తరగతిలో ఆడతావా అని అడిగారు. శ్రావణి ఎవరి వైపూ చూడకుండా తలూపింది.

ఎదుటి అమ్మాయి చేతులు జానెడు పొడుగు. మొదటి రౌండులోనే శ్రావణి ముక్కు నుంచి రక్తం వచ్చింది. ఫోనులో అలాంటి దెబ్బలు వెనక్కి తిప్పి తిప్పి చూస్తూ పల్లీలు తిన్నవాణ్ని, ఆ రోజు తల ఎత్తలేకపోయాను. పిల్ల మూడు రౌండ్లూ నిలబడింది. ఓడిపోయింది. ఏడుపొచ్చింది నాకు.

మల్లేశానికి అంతా చెప్పేశాను. తిడితే బాగుండును. "నేను గూడ రోజు సూసేదే గద తమ్మీ ఆ మైనస్. నా కండ్లేడ వోయినయ్?" అన్నాడు.

శ్రావణి ముక్కులో దూది పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఇది చెక్కభజనే అంటవా ఇంక?"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూసుకుంటే ఇంకా మంచిదని ఆ రోజు తెలిసింది.

ఏడాది తిరిగింది. మళ్లీ ఎంపికల ముందు శుక్రవారం శ్రావణి మా కాంటా దగ్గరికే వచ్చింది. లోకంలో వేరే కాంటాలే లేనట్టు! నన్ను పక్కకు జరగమని, సున్నా మీట తనే నొక్కి ఎక్కింది. నలభై ఏడు కిలోల ఎనిమిది వందలు.

"ఏమన్న జెప్తవా అన్నా?"

"ఏమీ చెప్పను తల్లీ."

"గట్లనే ఉండు."

ఆదివారం జట్టులో చోటు దొరికింది. సోమవారం మల్లేశం మార్కర్ తీసుకుని, పట్టికలో ఆ ఖాళీ గడి నిండా తన కూతురి పేరు రాశాడు. ఆల్ టైమ్ గొప్ప బాక్సర్ల మధ్య ఇంటర్ చదివే పిల్ల! పండితుడికి నాలుక దురద పెట్టింది. ముక్కులో దూది గుర్తొచ్చి ఊరుకున్నాను.

అందుకే ఈ కాంటా మీద చెయ్యి పెట్టి, ముందుగా సున్నా చూసుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను: ఇక బతికున్నన్నాళ్లూ మనిషి అన్నవాణ్ని తూచను. మిగతా గళ్ల మీద ఎవరైనా వచ్చి వాదించవచ్చు, సిద్ధంగా ఉన్నాను. నలభై ఎనిమిది కిలోల గడి జోలికి వస్తే మాత్రం మల్లేశాన్ని పిలుస్తాను.