సలహాల కోసం కొత్తపేట దాకా

రాజోలు నుంచి సలహా కోసం బయలుదేరేవాళ్ళు పొద్దున్న ఆరుంపావు బస్సే ఎక్కాలి. ఎనిమిది గంటల బస్సులో సలహాలు దారి పొడుగునా దొరుకుతాయి గానీ కూర్చోడానికి చోటు దొరకదు.

డెబ్భై ఎనిమిది జూలైలో నాకు రెండు సీట్లొచ్చాయి. వాల్తేరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్, గుంటూరులో ఎమ్మే హిస్టరీ. ఫిజిక్సంటే నాకు ప్రాణం. హిస్టరీకి దరఖాస్తు పెట్టింది గుంటూరులో మా మేనత్త ఇల్లుందని మాత్రమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక్క జతే కనక, సోమవారం లోపల అవి ఎక్కడిస్తే అక్కడే నా చదువు. ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు కదా అంటారేమో. మావైపు పెద్దల్ని అడక్కుండా తేల్చుకోవడం తప్పు. అడిగి, వాళ్ళు చెప్పింది చెయ్యకపోవడం అంతకన్నా తప్పు.

మా నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఎదుటివారు ఏమన్నా "ఆయ్, అలాగేనండి" అనడమే తప్ప, ఆయన నోట కాదనే మాట నేను వినలేదు. మా ఇంటికి సరిపడా కాదనడం మా అమ్మే చూసుకునేది. ఆవిడేమో జ్వరంతో మంచం మీదుంది, అందుకని కొత్తపేటలో పెదనాన్నగారి దగ్గరికి నాన్నగారూ నేనే బయలుదేరాం.

అంబాజీపేటలో ఒక కొబ్బరికాయల వ్యాపారి ఎక్కి మా పక్కన సర్దుకున్నాడు. నా ఫైలు చూసి, సంగతంతా అడిగి, "అంత చదివించేస్తే అంతకన్నా చదివినోడు దొరకాలి కదండీ మాస్టారూ" అన్నాడు.

"ఆయ్" అన్నారు నాన్నగారు.

నాకు ఒళ్ళు మండింది. ఎనిమిదికి అమలాపురంలో దిగాం. స్టాండు పక్క హోటల్లో పెసరట్టు బాగుంటుంది. ఉప్మా మాత్రం వద్దని ముందే చెప్పండి, అది నిన్నటిది. అక్కడ బస్సు మారి తొమ్మిదిన్నరకి కొత్తపేట చేరాం.

మా పెదనాన్నగారు రిటైరైన డిప్యూటీ తాసిల్దారు. ఆయన గుమ్మంలో సలహా ముందు, మంచినీళ్ళు తర్వాత. నా రెండు ఉత్తరాలనీ అర్జీల్లా అటూ ఇటూ తిప్పి చదివి, ఆ అలవాటుకొద్దీ గుంటూరు దాని మీద పెన్సిలుతో టిక్కు పెట్టారు.

"ఫిజిక్స్ చదివి ఏం చేస్తదిరా? కరెంటు స్తంభాలెక్కుద్దా? గుంటూరు పంపించు. చెల్లాయి ఇంట్లో ఉంటది. నేనిప్పుడే కార్డు రాసేస్తాను."

"ఆయ్, అలాగే అన్నయ్యగారూ."

కార్డు రాయడం నా కళ్ళ ముందే జరిగింది. నాకేది ఇష్టమని ఆ ఇంట్లో అడిగింది ఒక్క వంటింట్లోంచే. వంకాయ కూర ఇంకొంచెం వెయ్యమంటావా అని పెద్దమ్మ అడిగింది. నా బతుకు ఆ పెన్సిలు టిక్కుతో అయిపోయిందనిపించింది.

లేచేటప్పుడు నాన్నగారు నసుగుతూ, "అమలాపురంలో పాస్టరయ్యగారి చేత ప్రార్థన చేయించుకుని వెళ్తామండి" అన్నారు. దేవుడి దగ్గరికి వెళ్తామంటే పెదనాన్నగారైనా ఏమంటారు? ఆ కార్డేదో రేపు పోస్టు చేస్తాలే అన్నారు.

ఆ అయ్యగారి సంగతి మా సంఘాలన్నిటికీ తెలుసు. ఎవరు ఏ చిక్కుతో వెళ్ళినా చీట్లే వేయిస్తారు. గుడికి ఏ రంగు సున్నం వెయ్యాలన్నా చీట్లే. మూడింటికి మేం చెప్పిందంతా విని, "ప్రభువు శిష్యులు, అపొస్తలులే చీట్లేసేరు, మనమెంతండీ" అన్నారు. "మేస్టారూ, మీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మీరే రాయండి."

నాన్నగారు మూలకి వెళ్ళి రెండు చీటీలు రాసి, మడిచి, కానుకల సంచిలో వేశారు. అయ్యగారు ప్రార్థన చేశారు. పదిహేను నిమిషాలు పట్టింది, నాకు పదిహేను గంటలు. కళ్ళు మూసుకుని ఒకటి తీశాను.

వాల్తేరు.

నాకు ఏడుపొచ్చింది. అయ్యగారు ఆ చీటీని నా బైబిల్లో పెట్టి, "దేవుడి తీర్మానం. కొత్తపేటకి నేనే కబురు చేస్తానండి" అన్నారు. నాన్నగారు సంచి దులిపి, మిగిలిన చీటీ జేబులో వేసుకున్నారు.

అయిదున్నర బస్సులో కిటికీ సీట్లు దొరికాయి. నాన్నగారి వల్ల కానిది దేవుడి వల్ల అయిందని దారంతా దేవుణ్ణి మెచ్చుకున్నాను, నాన్నగారిని జాలిగా చూశాను. అంబాజీపేట దాటాక గన్నవరంలో చెకింగు ఇనస్పెక్టరు ఎక్కాడు. కునికిపాట్లు పడుతున్న నాన్నగారు జేబులోంచి చేతికి తగిలిన కాగితం తీసి ఇచ్చారు.

ఆయన మడత విప్పి చూసి, "ఇందులో వాల్తేరని ఉందండి మేస్టారూ. ఈ బస్సు రాజోలు దాకానేనండి" అన్నాడు.

బస్సులో నలుగురూ నవ్వారు. నేను బైబిలు తెరిచి చూసుకున్నాను. నా చీటీ నా దగ్గరే ఉంది. నాన్నగారు గబగబా రెండో జేబులోంచి టిక్కెట్లు తీసి చూపించి, ఆ కాగితం వెనక్కి తీసుకున్నారు.

ఇనస్పెక్టరు దిగాక అడిగాను. "రెండూ వాల్తేరేనా నాన్నగారూ?"

"తప్పేనమ్మా" అన్నారు, నా వైపు చూడకుండా. "అన్నయ్యగారితో కాదని చెప్పడం నావల్ల కాదు. అందుకని దేవుడి చేత చెప్పించేను. అయ్యగారికి తెలీనివ్వకు."

పొద్దుటి నుంచి ఆయన్ని మనసులో ఎన్నేసి మాటలన్నానో తలుచుకుంటే సిగ్గేసింది. తల వంచుకుని "ఆయ్" అన్నాను. ఆ ప్రయాణం మొత్తంలో నేనా మాట అనడం అదే మొదలు.