కంప్యూటరుకి ఇచ్చిన ఫ్యాను

మొన్న మా ఇంటికి ఒక పార్సిలు వచ్చింది. విప్పి చూస్తే భోజనం పళ్లెమంత నల్లటి పలక, దాని అడుగున రెండు బుల్లి ఫ్యాన్లు. మా అబ్బాయి తన ల్యాప్‌టాప్‌ని దాని మీద కూర్చోబెట్టి, వైరు తగిలించి, "వేడెక్కితే ఆగిపోతోంది నాన్నా, ఇక దీనికి బాగా గాలి తగులుతుంది" అన్నాడు. కంప్యూటరుకి గాలేమిట్రా అని నవ్వబోయాను. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎర్రటి గచ్చు మీద చొక్కా లేకుండా బోర్లా పడుకున్న మా బావ వీపు, దాని మీద చాప ఈనెల అచ్చులు కళ్ల ముందుకొచ్చాయి.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. నేను అబద్ధాలాడే మనిషిని కాను. జరిగినదాన్ని జరిగినంతలో వదిలెయ్యలేను, అంతే. హుగ్లీ నదిలో గేలం వేశానని మొదలుపెడితే, ఆ చేప స్టీమరుని ఒడ్డు దాకా లాక్కొచ్చేవరకు నాకు తృప్తి ఉండదు. ఆ రోజుల్లో ఓడరేవు డాకుల దగ్గర సరుకులు విడిపించే ఒక క్లియరింగు ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ని, హౌరా టికియాపారాలో ఒంటిగదిలో కాపురం. ఆదివారం వచ్చిందంటే లోకల్ రైలెక్కి సంత్రాగాఛిలో దిగి మా అప్ప ఇంటికి పోయేవాణ్ని. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. అప్ప చేపల పులుసు పెట్టేది, నేను కబుర్లు పెట్టేవాణ్ని. బేరం ఇద్దరికీ గిట్టుబాటుగానే ఉండేది.

మా బావ షాలిమార్ గూడ్స్ యార్డులో పాయింట్స్‌మన్. రాత్రంతా వేగన్ల మధ్యకి దూరి వాటిని ఒకదానికొకటి తగిలించడం, విడదీయడం ఆయన పని. తెల్లారాక ఇంటికొచ్చి ఇంత చద్దన్నం తిని పగలు పడుకునేవాడు. క్వార్టరంటే ఒక గదీ, వంటిల్లూ. గదిలో సీలింగ్ ఫ్యాను ఉండేది, తిరిగేది కూడా. మా మేనకోడలు చిన్నప్పుడు మూడు దాకా లెక్కపెట్టడం నేర్చుకున్నది, ఆ ఫ్యాను తిరుగుతూండగా దాని రెక్కల్ని చూసే. గాలి అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది బావ మంచం తలవైపు స్టూలు మీద ఉండే టేబుల్ ఫ్యానుదే. పాపం అది మెడ తిప్పడం మానేసి చాలా కాలమైంది. ఎటు పెడితే అటే వీచేది.

ఆ ఏడు మా మేనకోడలు ఒక ప్రభుత్వ ఆఫీసు టైపిస్టు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది టైపు పరీక్ష, అది కంప్యూటరు మీద. వేసవి చివర్లో రమ్మన్నారు. మా కుటుంబంలో డాకుల్లో మూటలు మోసినవాళ్లున్నారు, పట్టాల మీద సుత్తి కొట్టినవాళ్లున్నారు, కుర్చీలో కూర్చుని జీతం తెచ్చిన ఆడపిల్ల మాత్రం అంతవరకు లేదు. అందుకని బావ ఎవరో ఆఫీసువాళ్లు పాతవి వదిలించుకుంటూంటే ఒక కంప్యూటరు కొని, సైకిల్ వ్యాను మీద ఇంటికి తెచ్చాడు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట గానీ, మా దగ్గరికొచ్చేసరికి డబ్బా మొత్తం కిళ్లీ నమిలేవాడి పళ్ల రంగుకి దిగింది. అప్ప దానికి పసుపురాసి బొట్టు పెట్టి, పాత చీర చింపి ముసుగు కుట్టింది.

వచ్చిన వారానికే అది హ్యాంగవడం మొదలుపెట్టింది. పిల్ల టకటకా కొడుతూంటే ఉన్నట్టుండి అక్షరాలు రావడం ఆగిపోయేది. తెర మీద బాణం జిగురులో పడ్డ ఈగలా ఉన్నచోటే ఉండిపోయేది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఆపి మళ్లీ మొదలుపెడితే, నన్ను సరిగా ఆపలేదని అలిగి, నీలం తెర వేసుకుని తనని తాను పరీక్ష చేసుకుంటూ కూర్చునేది. పరీక్షలో ఆగకుండా కొట్టాలి. ఇది రెండు పేరాలు దాటనిచ్చేది కాదు.

"ధేత్! మావయ్యా, ఆబార్ అతుక్కుపోనాది!" అంది మా మేనకోడలు, నేను గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకుండానే. దాని తెలుగులో మళ్లీ అనే మాట ఎప్పుడూ బెంగాలీలోనే వచ్చేది.

మా ఆఫీసులో కంప్యూటరుంది కాబట్టి ఆ ఇంట్లో నేనే నిపుణుణ్ని. నిజానికి దాని గురించి నాకు తెలిసినవి రెండే. ఎక్కడ నొక్కితే వెలుగుతుందో, ఆ గది బయట చెప్పులెక్కడ విప్పాలో. ఆ మాట ఎలా ఒప్పుకోను? డబ్బాకి చెవి ఆనించి విన్నాను. చెయ్యి వేసి చూశాను. వెచ్చగా తగిలింది. ఏప్రిల్లో హౌరాలో వెచ్చగా లేనిదేముంది? కానీ నాకా వెచ్చదనం చాలు. "దీనికి జ్వరం" అని తేల్చేశాను. మా ఆఫీసులో దాన్ని ఏసీ గదిలో పెట్టి, పెద్ద సాహెబు వరండాలో చెమటలు కక్కుతూ కూర్చుంటాడని, ఒకసారి ఏసీ చెడితే అది సంధి పట్టినట్టు అయిపోయి, అంతకుముందు వారమే చేరిన కుర్రాడికి రిటైర్మెంటు ఆర్డరు కొట్టి ఇచ్చిందని చెప్పాను.

"ఓలమ్మ! మిషనుకి జొరమేటిరా!" అని అప్ప బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

ఆ రోజు బావకి రెస్టు. మంచం మీద పడుకుని అంతా విన్నాడు. లేచి, స్టూలుతో సహా ఫ్యానుని ఎత్తి, గది అవతలి గోడ దగ్గర కంప్యూటరుకి ఎదురుగా పెట్టి స్విచ్చి వేశాడు.

"మరి నీకో నాన్నా?" అంది పిల్ల.

"నాకేటే? మిషను పోతే పరీచ్చ పోద్ది. మావయ్య సెప్పినాడు కదా."

నా మాటకి అంత విలువ ఇంట్లో ఎప్పుడూ దక్కలేదు. ఆ పూట రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను.

ఆదివారాలు బావకి మామూలుగా రెస్టు పడేది కాబట్టి నేను చేసిన పనేమిటో నాకు కనిపించలేదు. కనిపించడానికి ఒక బంద్ రావలసి వచ్చింది. ఎవరు పిలుపునిచ్చారో గుర్తులేదు. ఆ రోజుల్లో బంద్ ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు, రేపా ఎల్లుండా అనే అడిగేవాళ్లు. ముందురోజు సాయంత్రమే అప్ప ఇంటికి చేరిపోయాను. పొద్దున లోకల్ రైళ్లు లేక బావ పట్టాల వెంబడి నడుచుకుంటూ డ్యూటీ నుంచి వచ్చాడు. తిన్నాడు. మంచం మీద పరుపు కాలుతోందని గచ్చు మీద నీళ్లు చల్లి, తడి తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. కాసేపటికి తువ్వాలు ఆరిపోయింది. చాప మీదికి జరిగాడు. అదీ వేడెక్కింది. గోడవారకి జరిగాడు. ఆయన లేచినచోటల్లా ఎర్ర గచ్చు మీద మనిషి ఆకారంలో చెమట మిగిలేది. ఒక చేత్తో విసనకర్ర ఊపుకుంటూ, నిద్ర పట్టగానే అది జారి మొహం మీద పడితే ఉలిక్కిపడి లేచేవాడు. అవతలేమో మా ఫ్యాను రివ్వుమని కంప్యూటరుకి వీస్తోంది. పిల్ల ముంగురులు ఎగురుతున్నాయి. కంప్యూటరు మాత్రం ఎప్పటిలాగే రెండు పేరాలకోసారి హ్యాంగవుతోంది.

ఆ పగలంతా నేను గుమ్మంలో కూర్చున్నాను. బయట ఖాళీ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, నాకు అటు చూడాలనిపించలేదు. ఈ మనిషి ఇలా నిద్ర లేకుండా పోయి రాత్రి వేగన్ల మధ్య నిలబడతాడు. అటునుంచి ఇంజను నెట్టినప్పుడు ఒక్క క్షణం కన్ను మూతపడితే? మధ్యాహ్నం అప్ప పెట్టిన అన్నం కెలుకుతూ కూర్చున్నాను. "ఏటిరా, కూర బాగోలేదా?" అని అప్ప రెండుసార్లు అడిగింది. బాగుందన్నాను. ఆ రోజుకి నేను చెప్పిన నిజం అదొక్కటే.

మర్నాడు ఆఫీసు దగ్గర ఫుట్‌పాత్ మీద కంప్యూటర్లు బాగుచేసే ఒక బెంగాలీ దాదా దగ్గర నిలబడ్డాను. సంగతి విని ఆయన, "ఫ్యాన్ కీ కొర్బే, మొశాయ్!" అని పెద్దగా నవ్వాడు. ఫ్యానేం చేస్తుందయ్యా అని. లోపల దువ్వెనలాంటి చిన్న పలక ఒకటుంటుందనీ, దాని బంగారు రంగు పళ్లకి చిలుము పడితే మిషను ఇలాగే అతుక్కుపోతుందనీ, పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కమనీ చెప్పాడు. ఆదివారం దాకా ఆ మాటనే జపించుకుంటూ గడిపాను. వెళ్లి డబ్బా విప్పి, ఆ పలక ఊడదీసి, రబ్బరుతో రుద్ది, టక్కుమనేదాకా నొక్కాను. పిల్ల కొట్టింది. ఒక పేజీ. ఇంకో పేజీ. ఆగలేదు. అప్ప పులుసు కలుపుతున్న గరిటెతోనే వచ్చి చూసింది.

అంతటితో ఊరుకోవలసింది. కానీ నా గుండెల మీద బరువు దిగిన సంతోషంలో నోరు ఊరుకోలేదు. "ఇక బావ ఫ్యాను బావకిచ్చెయ్యండి. దీనికి గాలి ఎప్పుడూ అక్కర్లేదు, ఆ రోజు ఊరికే సరదాగా చెప్పాను" అన్నాను. ఎవరైనా నవ్వుతారనుకున్నాను.

మా మేనకోడలి చేతులు మీటల మీదే ఆగిపోయాయి. "సరదాకా? ఇన్నాళ్లూ మా నాన్న నిద్దర్లేకండా బళ్ల మధ్య దూరినాడు. నీకు సరదాయేటి మావయ్యా?" అంది. లేచి, ఫ్యాను ఎత్తి, తీసుకెళ్లి తండ్రి మంచం తలవైపు పెట్టి, వచ్చి కూర్చుని మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది.

సాయంత్రం బావ నాతోపాటు స్టేషను దాకా నడిచాడు. ప్లాట్‌ఫారం మీద టీ ఇప్పించాడు. మట్టి కప్పు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఇన్నేళ్లలో నువ్వెన్ని సెప్పినావురా. ఒక్కటైనా నమ్మినానేటి నాను?" అన్నాడు చివరికి.

"మరి ఫ్యానెందుకు పెట్టావు బావా?"

"గుంట కోసం. అది సెమటలు కక్కుకుంటా కొడతంటే నాకు నిద్దరెలాగ పడతాది? ఫ్యాను దాని కేసి తిప్పితే లేచొచ్చి మల్లీ నా కేసి తిప్పీసీది. నువ్వు రాత్రి బళ్ల మధ్య తిరగాల నాన్నా అనీది. మిషనుకంటే మాత్రం మారు మాటాడలేదు. మిషను ముందర కూకునేది అదే కదేటి!" టీ తాగేసి కప్పు పట్టాల మీదికి విసిరాడు. "మిషను బాగు సేసినావు, సరే. గాలక్కర్లేదని ఎవడు సెప్పమన్నాడు నిన్ను?"

"నిజం చెప్పేద్దామని..."

"ఎందుకు?"

ఎందుకంటే నా మనసు తేలికవ్వాలని. ఆ మాట దాచుకుని, బండి వస్తోందేమోనని పట్టాలకేసి చూశాను. లోకల్ వస్తూంటే ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎన్నడూ అడగనిది అడిగాడు. "వచ్చే వారం ఇంకోటేదైనా సెప్పు. మల్లీ గాలి కావాలని సెప్పు. నువ్వు సెప్పగలవు."

ఆ వారమంతా ఆఫీసులో కూర్చుని నా జన్మలో ఎన్నడూ పడనంత శ్రమపడి ఒక కథ అల్లాను. బాగు చేసిన పలకకి పచ్చి పుండుకిలాగా కొన్నాళ్లు గాలి తగలాలని, లేకపోతే మళ్లీ చిలుము పట్టి అక్షరాలు తలకిందులుగా వస్తాయని. నా కథల్లోకెల్లా అదే మేలైనది. ఆదివారం వెళ్లి ప్రాణం పెట్టి చెప్పాను. బావ కూడా మంచం మీంచి "అవునేటి? అయితే బేగి పెట్టండి" అని సాయం వచ్చాడు. మా మేనకోడలు నా మొహంకేసి చూసింది. కోపంగా కాదు, జాలిగా. మళ్లీ తెర వైపు తిరిగిపోయింది. పోనీ అని తర్వాతి ఆదివారం నా గదిలోని ఫ్యానుని లోకల్లో మోసుకుని తీసుకెళ్లాను. రెండు ఫ్యాన్లూ కంప్యూటరూ కలిపితే ఆ క్వార్టరు కరెంటు తట్టుకోలేకపోయింది. తెర మీది బొమ్మ నలుపక్కలా కుంచించుకుపోయి, మిషను దానంతటదే ఆరిపోయింది. నా ఫ్యాను వెనక్కి తెచ్చుకున్నాను.

ఆ మిగతా వేసవి నేను చూశాను. పిల్ల మెడకి తడిగుడ్డ చుట్టుకుని, ప్రతి పేరాకీ వేళ్లు తువ్వాలుకి తుడుచుకుంటూ కొట్టేది. వేళ్లు జారి తప్పులు పడేవి. మంచం మీద బావ ఫ్యాను గాలిలో కళ్లు మూసుకుని కదలకుండా పడుకునేవాడు. రెప్పల కింద గుడ్లు మాత్రం ఇటూ అటూ తిరుగుతూండేవి. టకటకలు ఆగినప్పుడల్లా ఆయన ఊపిరి కూడా ఆగేది.

ఆ పరీక్షలో మా మేనకోడలు నెగ్గలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు. తనే నా దగ్గరికొచ్చి నవ్వుతూ, "అక్కడ ఏసీ మావయ్యా, వేళ్లు కొయ్యబారిపోనాయి, లేకపోతే కొట్టీదాన్నే" అంది. ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వేడి కాదన్నమాట, చలి. నాకు సంబంధం లేని చలి. తర్వాత తనకి వేరేచోట ఏదో ఉద్యోగం దొరికింది, పెళ్లైంది, ఖరగ్‌పూర్‌లో స్థిరపడింది. బావ రిటైరయ్యాడు.

నిన్న తనకి ఫోను చేశాను. ఏవేవో కబుర్లయ్యాక, ఆ పరీక్ష రోజు ఏసీ అంత చల్లగా ఉందా అని అడిగాను.

"ఏ ఏసీ మావయ్యా?" అంది.

నా కోసం అల్లిన మాట కాబోలు, చెప్పిన మర్నాడే తను మరిచిపోయి ఉంటుంది. ఆ ఒక్క మాట నీడలో నేను ఇన్నేళ్లు గడిపేశాను.