చుట్టే మనిషి కేకెయ్యాలి

ఆ మధ్యాహ్నం మూడు గంటలకు ప్రపంచంలోని బ్రౌజర్ల భవిష్యత్తంతా కొత్తవాడలో, మా అక్క మగ్గం పక్కన, ఓ కుంటి ప్లాస్టిక్ స్టూలు మీద ఊగుతూ ఉంది. స్టూలు మీద ఊగింది నా ల్యాప్‌టాప్ మాత్రమేనని మా బావ ఇప్పటికీ అంటాడు. ఆయనకు చరిత్ర పట్టదు.

అక్కా బావలు నేల మీద పరుచుకునే జంఖానాలు నేస్తారు. మడికొండలో కంప్యూటర్ల ముందు తల నెరిసిన నేను, నా పాండిత్యమంతా ధారపోసి వాళ్ళకొక వెబ్ పేజీ కట్టాను. ఎవరైనా జంఖానా అడిగితే అది అక్క ఫోనులో కనిపిస్తుంది. పక్కనే ఒకదాని కింద ఒకటి రెండు బటన్లు: పైన ‘వద్దు’, కింద ‘సరే’. పాలు తాగే పాప కూడా నడపగలిగేంత సులువు!

నెక్కొండ పెళ్ళివాళ్ళు నాలుగు పెద్ద జంఖానాలు అడిగారు. అక్క ‘సరే’ మీదికి బొటనవేలు దించింది. సరిగ్గా అప్పుడే పేజీ పైభాగాన అగ్గిపెట్టెంత ఫొటో ఒకటి ఆలస్యంగా ఊడిపడింది. వరుసంతా కిందికి జారింది. వేలి కిందికి ‘వద్దు’ వచ్చింది. పెళ్ళివాళ్ళకు నా గంభీరమైన తెలుగులో సందేశం వెళ్ళింది: ‘మీ కోరిక తిరస్కరించబడినది.’

ఫోనులో అక్క గొంతుకు మా ఆఫీసు అద్దాలు వణికాయి.

“ఏందిరా తమ్మీ! పెండ్లోళ్ళ మొఖం మీద తలుపేసినట్టాయె! ఫోన్ జేసి బతిమిలాడుకున్న, మల్ల పంపుతమన్నరు. ఇంకోపారి ఇట్లయితే నీ పేజీ తీసి అవతల పడేస్త. మాల్ మల్ల గా దుకాణం సేటుకే ఇచ్చుకుంట.”

పరువు పోతుందంటే నాకు ప్రతిభ పొంగుతుంది. రాత్రికి రాత్రి కాదు గానీ, టిఫిన్‌కూ భోజనానికీ మధ్య పేజీ వెంట నడిచే చిన్న ప్రోగ్రాము, ఒక స్క్రిప్టు, రాశాను. పైన ఎంత పెరిగితే అంత మేర పేజీని సర్ది, చూస్తున్న చోటును అక్కడే నిలిపే స్క్రిప్టు. నా ఫోనులో పేజీ కొండలా నిలబడింది. సెలవు పెట్టి కొత్తవాడకు పరుగెత్తాను. అక్క ఫోనులో అదే పేజీ ఎగిరి కాజీపేట దాటింది! కారణమేమిటంటే, ఆలోగా అప్‌డేటయిన ఆమె బ్రౌజరు ఇప్పుడు సొంతంగా పేజీని సర్దుతోంది. దాని మీద నేనూ సర్దాను. ఒకే పనిని ఇద్దరం చేశాం.

ఇద్దరిలో తప్పెవరిది? సరిగ్గా ఇదే సంగతి మీద, బ్రౌజర్లు ఎలా నడుచుకోవాలో నియమాలు రాసే ఒక గుంపు నెలల తరబడి కొట్టుకుంటోంది. ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఉన్నానంటే, మైకు మూసుకుని తల ఊపడంలో నన్ను మించినవాడు ఏ ఖండంలోనూ లేడు. ఆ రోజు వీడియో సమావేశం మూడింటికి. అందుకే స్టూలు.

“పేజీ ఎక్కడుండాలో స్క్రిప్టు చెప్పాలి. బ్రౌజరు నోరు మూసుకుని బొమ్మ గీయాలి,” అన్నాడు తెర మీది గడ్డపాయన. ఆ గడ్డంలో పిచ్చుకలు కాపురం పెట్టొచ్చు.

“కుదరదు. చదివేవాళ్ళ కళ్ళ ముందున్నది కదలకుండా బ్రౌజరే చూడాలి,” అంది సమావేశం నడిపే ఆవిడ.

నలభై నిమిషాలు ఇదే. చివరికి నేను మైకు తెరిచాను. నోరు తెరిచేలోగా నా వెనక బావ కేక:

“చుడ్తాన!”

“ఊఁ, చుట్టు!” అంది అక్క. మగ్గం దుంగ కిర్రుమంది.

తెర మీది తలలన్నీ బిగుసుకుపోయాయి. “ఆ కేకలేమిటి?” అంది ఆవిడ.

సిగ్గుపడుతూ చెప్పాను. పెద్ద జంఖానాను ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. నేసినంత మేర దుంగకు చుట్టుకుంటూ పోతారు, పని జరిగే చోటు ఎప్పుడూ కళ్ళ ముందే ఉండాలి కాబట్టి. ఒకరు చెప్పకుండా చుడితే రెండో మనిషి చేతిలో దారం జారి డిజైను వంకర పోతుంది. అందుకే చుట్టే మనిషి కేకెయ్యాలి, రెండో మనిషి చేతులు ఎత్తాలి...

చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. మరుక్షణం మైకులోకే అరిచాను: బ్రౌజరు కేకెయ్యడం లేదు! అదే రోగం!

“అవతలి మనిషి వద్దంటే?” గడ్డపాయన ముందుకు వంగాడు.

“అక్కా, నువ్వు వద్దంటే బావ ఏం జేస్తడు?”

“ఆగుతడు. ఆగకపోతే అన్నం ఎవలు పెడ్తరు?”

“ఆగుతాడు,” అని ఇంగ్లీషులోకి దించాను, “ఆయన మనుగడ దాని మీదే ఆధారపడి ఉంది.”

గడ్డం కదిలింది. “సర్దే ముందు బ్రౌజరు స్క్రిప్టుకు చెబుతుంది. ‘నేను చూసుకుంటా’ అని స్క్రిప్టు అంటే బ్రౌజరు ఆగుతుంది. దీనికి నేను ఒప్పుకోగలను.”

“పరీక్ష పేజీ రాసి పంపండి,” అంది ఆవిడ నాతో. ఆ గుంపులో పరీక్ష లేని మాటకు గాలికున్న బరువు కూడా ఉండదు.

నేను స్టూలు చుట్టూ గిర్రున తిరిగాను. “బావా! ఆళ్ళు ఒప్పుకున్నరే!”

“ఆళ్ళు ఒప్పుకునుడు గాదు, నా ఫోను ఒప్పుకోవాలె,” అంది అక్క. “పెండ్లోళ్ళది వచ్చే యాళ్ళయింది.”

నిజమే. నియమం ముదిరి బ్రౌజర్లలోకి వచ్చేసరికి ఆ పెళ్ళివాళ్ళకు మనవళ్ళు పుడతారు. అంతదాకా చేతులెత్తాల్సింది నేనే. సొంతంగా సర్దుకునే బ్రౌజరైతే నా స్క్రిప్టు ముట్టుకోకుండా రెండు ముక్కలు చేర్చాను. చేర్చానో లేదో అక్క ఫోను మోగింది. నెక్కొండ!

మగ్గం ఆగింది. అక్క వేలు ‘సరే’ పైన నిలిచింది.

“నొక్కుతాన!” అని అరిచింది.

నేను రెండు చేతులూ ల్యాప్‌టాప్ మీది నుంచి ఎత్తేశాను. “నొక్కు!”

పైన ఫొటో ఊడిపడింది. బటను వెంట్రుక వాసి కూడా కదల్లేదు. ‘సరే’ వెళ్ళింది. నేను ఎగిరిన ఎగురుడుకు స్టూలు రెండో కాలూ విరిగింది.

అక్క తాపీగా ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

“ఉండనియ్యిరా నీ పేజీ. గని తమ్మీ, ‘సరే’ మీదికి, ‘వద్దు’ కిందికి వెయ్యి. వచ్చినోళ్ళకు ఎవలన్న ముందుగాల వద్దంటరా?”

ఖండాంతరాల మేధావులున్న ఆ గుంపులో ఇన్ని నెలలుగా ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. నాకు మొదలే తట్టలేదు.